పాట మధ్యలో పంటి కింద రాయి

లెడ్ జెప్లిన్ బృందం 1970లో విడుదల చేసిన మూడో ఆల్బమ్‌లో 'సిన్స్ ఐ హావ్ బీన్ లవింగ్ యు' అనే పాట ఉంది. ఏడు నిమిషాల పైచిలుకు సాగే నెమ్మదైన బ్లూస్ అది. రాబర్ట్ ప్లాంట్ గొంతు చించుకుని వేడుకుంటుంటే గిటార్ దానికి జవాబు చెబుతూ ఉంటుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, వాయిద్యాలు తగ్గి పాట నిదానించే చోట జాగ్రత్తగా వినండి. అడుగున ఎక్కడో కిర్రు కిర్రుమని సన్నటి చప్పుడు వినిపిస్తుంది. డ్రమ్మర్ జాన్ బోనమ్ కాలి కింద ఉన్న పెడల్ చప్పుడది. పెడల్ తొక్కితే దానికి బిగించిన కర్ర వెళ్ళి పెద్ద డ్రమ్మును కొడుతుంది. కాలు తీస్తే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ కదలికలో పుట్టిన కిర్రుమనే శబ్దాన్ని కూడా మైకు పట్టేసింది. ఆ బృందం గిటారిస్టు, నిర్మాత జిమ్మీ పేజ్ చాలా ఏళ్ళ తర్వాత ఒక ఇంటర్వ్యూలో దీని గురించి చెప్పాడు. పాత పాటలను ఒక బాక్స్ సెట్‌గా కూర్చేటప్పుడు ఆ చప్పుడు తన చెవిన పడిందట. విన్న ప్రతిసారీ అది ఇంకాస్త పెద్దదవుతున్నట్టు అనిపిస్తోందనీ, అప్పట్లో దాన్ని పట్టించుకోకపోవడం విచారకరమనీ అన్నాడు.

టేపు మీద ఉన్న శబ్దం ఏళ్ళు గడిచినా పెరగదు. వినేవాడి ఎరుక పెరుగుతుంది. ఒక్కసారి చెవిన పడ్డాక ఇక దాన్ని వినకుండా ఉండటం కష్టం. ఇష్టమైన పాటల్లో ఇలాంటి చోట్లు అందరికీ ఒకటో రెండో ఉంటాయి. హాయిగా సాగిపోతున్న పాటలో అక్కర్లేని మాటొకటి రావచ్చు, ఎక్కడినుంచో తెచ్చి అతికించిన బృందగానం తగలవచ్చు, ఉన్నట్టుండి శ్రుతి పైకి లేవవచ్చు. నాసిరకం పాటలో ఇవేవీ మనల్ని బాధపెట్టవు. అన్నం పువ్వులా ఉండి, పప్పు కమ్మగా కుదిరినప్పుడే కదా పంటి కింద రాయి తగిలితే ప్రాణం ఉసూరుమనేది. పాశ్చాత్య పాప్ పాటల్లో ఇలాంటి చోట్లు కొన్ని బాగా పేరు మోశాయి. వాటిలో కొన్ని క్రమంగా మనకు ప్రియమైపోతాయి. కొన్ని ఎన్నేళ్ళు విన్నా గుచ్చుకుంటూనే ఉంటాయి. ఈ తేడా ఎందుకొస్తుందో తెలిస్తే పాట వినే తీరే మారుతుందని నా నమ్మకం.

ముందు మన చెవి సంగతి. పాట వింటున్నంతసేపూ మెదడు తర్వాత ఏం రాబోతోందో అంచనా కడుతూనే ఉంటుంది. కచేరీలో తాళం వేస్తూ కూర్చున్న శ్రోతను చూడండి. గాయకుడు ఎంత దూరం తిరిగొచ్చినా సమం ఎక్కడ పడుతుందో ఆ చేతికి ముందే తెలుసు. లియొనార్డ్ మేయర్ అనే అమెరికన్ సంగీత శాస్త్రవేత్త 1956లో రాసిన 'ఎమోషన్ అండ్ మీనింగ్ ఇన్ మ్యూజిక్' పుస్తకంలో, సంగీతం మనలో కలిగించే భావానికి మూలం ఈ ఎదురుచూపేనని వాదించాడు. అనుకున్నది కాస్త ఆలస్యంగా వచ్చినా, పక్కకు తప్పుకున్నా మనసు కదులుతుంది. తర్వాత స్టెఫాన్ కోల్ష్ అనే జర్మన్ పరిశోధకుడు, ఆయన సహచరులు శ్రోతల తలలకు ఎలక్ట్రోడ్లు అమర్చి వరసలో ఇమడని స్వరాల కలయికలు (కార్డ్‌లు) వినిపించారు. సెకనులో అయిదో వంతు గడిచేలోపే మెదడులో స్పందన కనిపించింది. సంగీతం నేర్చుకోని వాళ్ళ మెదడు కూడా అలాగే స్పందించింది. కాబట్టి 'నాకు సంగీతం తెలియదు గానీ అక్కడ ఏదో తేడాగా ఉంది' అని ఎవరైనా అంటే, ఆ మాటను తేలిగ్గా తీసిపారేయకూడదు.

ఇక్కడ కచేరీకీ రికార్డుకీ పెద్ద తేడా ఉంది. వేదిక మీద దొర్లిన తప్పు గాలిలో కలిసిపోతుంది. మర్నాటి కచేరీలో అది ఉండదు. రికార్డులో దొర్లిన తప్పు మాత్రం ప్రతిసారీ అదే క్షణంలో, అదే రూపంలో ఎదురవుతుంది. మొదటిసారి ఉలిక్కిపడతాం. అయిదోసారికి అది వస్తుందని తెలిసి ఎదురుచూస్తాం. యాభయ్యోసారికి అది లేకపోతేనే వెలితిగా తోస్తుంది. పదేపదే ఎదురైన దాని మీద మనిషికి ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో ప్రయోగాలతో చూపించాడు. పాప్ రికార్డులకు ఇది బాగా వర్తిస్తుంది. కానీ అన్ని తప్పులకూ వర్తించదు. అసలు ఆసక్తి అంతా అక్కడే ఉంది.

అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో 1963 ఏప్రిల్‌లో కింగ్స్‌మెన్ అనే కుర్రాళ్ళ బృందం 'లూయీ లూయీ' పాట రికార్డు చేసింది. రిచర్డ్ బెర్రీ 1950లలో రాసిన పాట అది. ప్రియురాలి దగ్గరికి ఓడలో తిరిగి వెళ్ళాలని తపించే ఓ జమైకా నావికుడి గోడు. స్టూడియోలో మైకు చాలా ఎత్తున వేలాడుతోంది. గాయకుడు జాక్ ఈలీ మెడ పైకెత్తి అరవాల్సి వచ్చింది. పైగా అతని పళ్ళకు క్లిప్పులు. మాటలు ముద్దముద్దగా వచ్చాయి. గిటార్ సోలో అయ్యాక మూడో చరణం ఎత్తుకోవాలి. ఈలీ తొందరపడి ముందే ఎత్తుకున్నాడు. నోట్లోంచి మాట వచ్చేశాక, బృందం ఇంకా ఆ చోటికి రాలేదని తెలిసి చటుక్కున ఆగిపోయాడు. ఆ ఖాళీ బయటపడకుండా డ్రమ్మర్ లిన్ ఈస్టన్ గట్టి దరువు ఒకటి వేసి నింపేశాడు. ఈలీ మళ్ళీ సరైన చోట అందుకున్నాడు. పాట ముందుకు దూకింది.

ఇంకోసారి పాడించి సరిచేయవచ్చు. కానీ చేతిలో ఉన్న డబ్బు కొద్ది, స్టూడియో సమయం ఇంకా కొద్ది. ఆ టేకే రికార్డుగా వచ్చింది, అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానం దాకా వెళ్ళింది. మాటలు అర్థం కాకపోవడంతో వాటిలో బూతులున్నాయని పుకారు పుట్టింది. తల్లిదండ్రుల ఫిర్యాదుల మీద ఎఫ్‌బీఐ విచారణ కూడా జరిపింది. రికార్డును ఏ వేగంలో తిప్పి విన్నా మాటలు తెలియడం లేదని చివరికి తేల్చింది. ఈ పాటను నేను ఎన్నిసార్లు విన్నా, ఆ తొందరపాటు దగ్గరికి రాగానే ముఖం మీద నవ్వు వచ్చేస్తుంది. ఒక కుర్రాడు తడబడ్డాడు, పక్కనున్న స్నేహితుడు ఆదుకున్నాడు. రెండు మూడు సెకన్లలో అదంతా వినిపిస్తుంది. పాట ఊపు ఎక్కడా చెడలేదు, ఆ దరువుతో ఇంకా పెరిగింది.

మామాస్ అండ్ పాపాస్ బృందం 1966లో పాడిన 'ఐ సా హర్ అగైన్'లోనూ ఇలాంటిదే జరిగింది. చివరి కోరస్‌కు ముందు డెన్నీ డోహెర్టీ గొంతు ఒక క్షణం ముందే మొదలై తెగిపోతుంది, మళ్ళీ సరిగ్గా వస్తుంది. నిర్మాత లూ అడ్లర్‌కు అది నచ్చి అలాగే ఉంచేశాడు. పోలీస్ బృందం 1978లో చేసిన 'రాక్సేన్' మొదట్లో వినిపించే పొంతన లేని పియానో శబ్దం, ఆ వెనకే వచ్చే నవ్వు కూడా ఇలా దొర్లినవే. గాయకుడు స్టింగ్ మూత తీసి ఉన్న పియానో మెట్ల మీద చూసుకోకుండా కూర్చున్నాడు. ఓటిస్ రెడ్డింగ్ 'సిట్టిన్ ఆన్ ద డాక్ ఆఫ్ ద బే' చివర్లో వచ్చే ఈల సంగతి వేరు. పాట చివర అప్పటికప్పుడు ఏదో ఒకటి కల్పించి పాడటం అతని అలవాటు. ఈసారి మాటలు తట్టక ఈల వేశాడని అతనితో కలిసి ఆ పాట రాసిన స్టీవ్ క్రాపర్ చెప్పాడు. పాట విడుదల కాకముందే, 1967 డిసెంబర్ 10న రెడ్డింగ్ విమాన ప్రమాదంలో చనిపోయాడు. అలల చప్పుడు, సముద్రపు పక్షుల అరుపులు క్రాపర్ తర్వాత చేర్చాడు. ఆ పాటను తలుచుకున్న వాళ్ళకు ఈరోజు ముందుగా గుర్తొచ్చేది ఆ ఈలే.

తప్పు దొర్లడం వేరు, కావాలని పాటను చెడగొట్టబోవడం వేరు. రేడియోహెడ్ బృందం 1992లో విడుదల చేసిన 'క్రీప్' పాట చరణం మెత్తగా సాగుతుంది. గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్‌కు ఆ మెత్తదనం నచ్చలేదు. కోరస్ మొదలవబోయే ముందు తీగలను అదిమిపట్టి, మోత పెంచి గరుకుగా రెండుసార్లు కొట్టాడు. పాటను పాడుచేయడానికే అతనలా చేశాడని తోటి గిటారిస్టు ఎడ్ ఓబ్రియన్ తర్వాత చెప్పాడు. కానీ చరణంలో ఆ మనిషి లోపల అణచుకున్న కసి ఏదైతే ఉందో, అది సరిగ్గా అక్కడే బద్దలైనట్టుంటుంది. ఆ దెబ్బలు తీసేసి ఊహించుకుంటే పాటలో సగం బలం పోతుంది. గ్రీన్‌వుడ్ కోపం పాటలో ఉన్న కోపంతో కలిసిపోయింది. అందుకే అది అతకలేదని ఎవరికీ తోచదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ చేతి తప్పులు, నోటి తప్పులు, క్షణికావేశాలు. వీటితో పాటలు చెడలేదు. పాటలు నిజంగా చెడిపోయే దాకా వెళ్ళేది ఇంకోచోట. నింపాదిగా కూర్చుని, ఆలోచించి, డబ్బు ఖర్చుపెట్టి చేర్చిన వాటితో. ఈ పాట ఇలాగే నిలబడుతుందా, వినేవాడు చివరిదాకా ఉంటాడా అనే అనుమానం వచ్చినప్పుడు చేర్చిన వాటితో.

అందరికీ తెలిసిన ఉదాహరణ చివరి కోరస్‌లో శ్రుతి పెంచడం. పల్లవి అప్పటికే మూడుసార్లు వచ్చేసింది. వినేవాడికి విసుగు పుడుతుందని భయం. అప్పుడు పాట మొత్తాన్ని హార్మోనియం మీద ఒకటో రెండో మెట్లు పైకి జరిపి అదే పల్లవిని మళ్ళీ పాడతారు. కొత్త మాట లేదు, కొత్త వరస లేదు, ఎత్తు మాత్రమే మారింది. ఇంగ్లిష్ వాళ్ళు దీన్ని ట్రక్ డ్రైవర్ గేర్ మార్చడం అంటారు. కర్ణాటక సంగీతం వింటూ పెరిగిన చెవికి ఇది మరింత గట్టిగా తగులుతుంది. మన కచేరీలో ఆధార షడ్జమం మొదటినుంచీ చివరిదాకా కదలదు. తంబురా దాన్నే మీటుతూ ఉంటుంది, మృదంగాన్నీ ఆ శ్రుతికే కలుపుకుంటారు. రాగాలు ఎన్ని మారినా కాళ్ళ కింద నేల మాత్రం అదే. ఆ నేలే ఒక్కసారి పైకి లేస్తే మన శ్రోత తుళ్ళిపడటంలో వింత లేదు.

శ్రుతి పెంచడమే తప్పని నేననడం లేదు. బాన్ జోవి 1986 నాటి 'లివిన్ ఆన్ ఎ ప్రేయర్' చివర్లో ఏకంగా మూడు మెట్లు పైకి దూకుతారు. దూకేటప్పుడు తాళంలో ఒక దెబ్బ తగ్గిస్తారు. అంటే మనం అనుకున్న దానికంటే ఒక్క దెబ్బ ముందే కొత్త శ్రుతిలో పడతాం. అడుగు తడబడినట్టుండే ఆ క్షణం, బతుకుతో పోరాడే జంట కథకు చక్కగా సరిపోయింది. మైకేల్ జాక్సన్ 'మ్యాన్ ఇన్ ద మిర్రర్'లో మార్పు అనే అర్థమొచ్చే మాట మీదే శ్రుతి మారుతుంది. అక్కడినుంచి చర్చి బృందగానం కలిసి పాటను పైపైకి తీసుకెళ్తుంది. మాట చెప్పిన పనినే స్వరం చేసి చూపించింది. ఇంత పొందిక ఉన్నప్పుడు ఎవరికీ ఫిర్యాదు ఉండదు.

విట్నీ హ్యూస్టన్ 1992లో 'ద బాడీగార్డ్' సినిమా కోసం పాడిన 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యు' ఈ విషయంలో నన్ను చాలాకాలం ఆలోచనలో పడేసింది. వాయిద్యమేదీ లేకుండా ఒంటరి గొంతుతో మొదలవుతుంది. ఊపిరి తీసుకోవడం కూడా వినిపించేంత దగ్గరగా ఉంటుంది. మూడు నిమిషాలు గడిచాక అంతా ఆగిపోతుంది. నిశ్శబ్దం. డ్రమ్ము మీద ఒక పెద్ద దెబ్బ. గొంతు రెండు మెట్లు పైన పేలుతుంది. మొదటిసారి విన్నవాడికి ఒళ్ళు జలదరిస్తుంది. ఆ గొంతుకు ఆ ఎత్తు న్యాయమే. అంతవరకూ దాచుకున్న శక్తిని ఎక్కడో ఒకచోట విప్పాలి కదా. నాకు గుచ్చుకునేది ఆ డ్రమ్ము దెబ్బ. గొంతు తనంతట తానే తలుపు తోసుకుని వచ్చేది, ఎవరో బయటినుంచి తన్ని తెరిచినట్టయింది. అది కాస్త మెత్తగా ఉండి ఉంటే ఈ పాటలో వంక పెట్టడానికి నాకేమీ దొరికేది కాదు. తర్వాత టీవీ పాటల పోటీల్లో ఎంతోమంది ఆ ఆగడాన్నీ, ఆ దూకుడునూ అనుకరించారు. మొదటి మూడు నిమిషాల ఓర్పును అనుకరించిన వాళ్ళు తక్కువ.

ఈ పాట అసలు రాసిందీ, 1974లో మొదట విడుదల చేసిందీ డాలీ పార్టన్. ఆమె రికార్డులో శ్రుతి దూకుడు లేదు గానీ ఒక చరణాన్ని పాడకుండా మాటలుగా చెబుతుంది. పాట మధ్యలో మాట్లాడటం పాప్ సంగీతంలో ఇంకో ప్రమాదకరమైన చోటు. ఎల్విస్ ప్రెస్లీ 1960లో పాడిన 'ఆర్ యు లోన్‌సమ్ టునైట్' సగంలో పాట ఆగి, జీవితం నాటకరంగమనే షేక్‌స్పియర్ ఊహను ఆసరా చేసుకుని సుదీర్ఘమైన ప్రసంగం నడుస్తుంది. ఎల్విస్ గొంతు మాట్లాడినా బాగుంటుంది. అయినా పదోసారి వినేటప్పుడు పాట ఎప్పుడు మళ్ళీ అందుకుంటాడా అని చూస్తాం. వరసకు ఉన్న గుణం మామూలు మాటకు లేదు. వరసను ఎన్నిసార్లు విన్నా మళ్ళీ వినాలనిపిస్తుంది. మాటలో ఉన్న సమాచారం ఒకటి రెండుసార్లకే మనకు చేరిపోతుంది. ఆ తర్వాత మిగిలేది చెప్పిన తీరు. అందులో నటన పాలు ఎక్కువైతే ప్రతిసారీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డాలీ పార్టన్ చెప్పిన తీరులో నటన తక్కువ. సెలవు తీసుకుంటున్న మనిషి గుమ్మం దగ్గర చెప్పే నాలుగు మంచి మాటల్లా ఉంటాయి. అందుకే అవి ఇప్పటికీ చెవికి సమ్మతంగానే ఉన్నాయి.

ఇక బీటిల్స్ దగ్గరికి వద్దాం. వాళ్ళ 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' నిజానికి రెండు వేర్వేరు రికార్డింగుల అతుకు. ఏడో టేకు మొదటి భాగం, ఇరవై ఆరో టేకు చివరి భాగం జాన్ లెనన్‌కు నచ్చాయి. రెండిటి వేగమూ వేరు, శ్రుతీ వేరు. రెండూ కలిపేయమని నిర్మాత జార్జ్ మార్టిన్‌ను అడిగాడు. 1966 డిసెంబర్‌లో మార్టిన్, ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ ఒక టేపు వేగం పెంచి, ఇంకోదాని వేగం తగ్గించి చూస్తే శ్రుతులు దాదాపు కలిశాయి. టేపు కోసి అతికించారు. పాట మొదలైన నిమిషానికి ఆ అతుకు వస్తుంది. తెలిసి వింటే గొంతు రంగు మారడం, వాయిద్యాలు బరువెక్కడం పట్టుకోవచ్చు. కలలోంచి ఇంకా లోతైన కలలోకి జారినట్టుంటుంది. ఎక్కడ చూసినా చెడిపోవాల్సిన పని ఇది. పాటకు ఏం కావాలో తెలిసిన వాళ్ళు చేశారు గనుక నిలబడింది.

అదే బృందం మూడేళ్ళు తిరక్కుండానే ఇంకో పాట రికార్డు చేసింది. 'ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్'. పాల్ మెకార్ట్నీ పియానో ముందు కూర్చుని పాడిన విషాద గీతం. 1969 జనవరి 26న లండన్‌లోని ఆపిల్ స్టూడియోలో రికార్డయింది. మెకార్ట్నీ పియానో మీద ఉన్నాడు కాబట్టి బేస్ గిటార్ లెనన్ పట్టుకున్నాడు. అతనికి అది అలవాటైన వాయిద్యం కాదు. చాలాచోట్ల పక్క స్వరాల మీద పడ్డాడు. అప్పటికి బృందంలో మనస్పర్థలు ముదిరిపోయాయి. టేపులు ఏడాదికి పైగా అలాగే పడి ఉన్నాయి. 1970లో వాటిని అమెరికన్ నిర్మాత ఫిల్ స్పెక్టర్ చేతికిచ్చారు. వాయిద్యాల మీద వాయిద్యాలు పేర్చి గోడలా నిలబెట్టే పద్ధతికి ఆయన పేరు మోసినవాడు. ఏప్రిల్ 1న స్పెక్టర్ ఈ పాట మీద ఒక పెద్ద వాద్యబృందాన్ని కూర్చోబెట్టాడు. పద్దెనిమిది వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, బాకాలు, ఒక హార్ప్, పద్నాలుగు మంది స్త్రీల బృందగానం.

ఆ రికార్డు వినేటప్పుడు ఒక్కో పంక్తి తర్వాత ఏం జరుగుతుందో గమనించండి. మెకార్ట్నీ ఒక మాట పాడి ఆగుతాడు. ఆ ఆగడంలోనే ఈ పాట దుఃఖమంతా ఉంది. గొంతు పూడుకుపోయి తర్వాతి మాట రావడానికి సమయం పట్టినట్టుంటుంది. సరిగ్గా ఆ ఖాళీలోకి వయొలిన్లు ఎగదన్నుకొస్తాయి. వాటి వెనకే మాటల్లేని స్త్రీ కంఠాలు ఆకాశానికి లేస్తాయి. ఇది దుఃఖమని మనకు ఎవరో విడమరచి చెబుతున్నట్టుంటుంది. ఏడుస్తున్నవాడి పక్కన నిలబడి పదిమంది పెద్దగా శోకాలు పెడితే అతని కన్నీళ్ళు ఎవరికి కనిపిస్తాయి? ఒకే పాటలో రెండు రకాల లోపాలూ ఉండటం ఈ రికార్డు ప్రత్యేకత. లెనన్ తప్పు స్వరాలు యాభై ఏళ్ళకు పైగా అందులో ఉన్నాయి. చాలామంది శ్రోతలు వాటిని గమనించనే లేదు. గమనించినవాళ్ళు క్షమించేశారు. ఆ తప్పులు కప్పిపుచ్చడానికే వాద్యబృందాన్ని చేర్చారనే వాదన కూడా ఉంది. కప్పిన దుప్పటే కంట్లో పడింది.

తన పాట ఇలా మారిందని మెకార్ట్నీకి పని పూర్తయ్యాకే తెలిసింది. 1970 ఏప్రిల్ 14న బృందం మేనేజరు అలెన్ క్లెయిన్‌కు ఉత్తరం రాశాడు. చేర్చిన వాయిద్యాల, గొంతుల మోత తగ్గించాలి, తన గొంతు, బృందం వాయించినవి పైకి తేవాలి, చివర్లో హార్ప్ పూర్తిగా తీసేసి పియానో పెట్టాలి, ఇంకెప్పుడూ ఇలాంటి పని చేయకూడదు అని అందులో కోరాడు. ఏదీ జరగలేదు. బీటిల్స్ భాగస్వామ్యాన్ని రద్దు చేయమంటూ ఆ ఏడాది చివర్లో అతను కోర్టుకెక్కినప్పుడు చూపిన కారణాల్లో ఈ పాట కూడా ఒకటి. అయినా 1970 జూన్‌లో ఇదే రికార్డు అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. అక్కడ బీటిల్స్‌కు అదే ఆఖరి నంబర్ వన్. అంటే స్పెక్టర్ లెక్క మార్కెట్‌లో తప్పలేదు. పాట అంత గొప్పది కాబట్టి అంత బరువు మోసి కూడా నిలబడిందని నేనంటాను.

2003లో 'లెట్ ఇట్ బి... నేకెడ్' అనే పేరుతో ఈ పాట ఉన్న ఆల్బమ్‌ను చేర్పులేవీ లేకుండా మళ్ళీ విడుదల చేశారు. అందులో ఈ పాటకు 1969 జనవరి 31 నాటి వేరే టేకు వాడారు. పియానో, గొంతు, బిల్లీ ప్రెస్టన్ కీబోర్డు, ఒదిగి ఉన్న డ్రమ్ములు. ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి. ఇంకో సంగతీ చెప్పాలి. మెకార్ట్నీ 1984లో తన సినిమా కోసం ఇదే పాటను మళ్ళీ రికార్డు చేసినప్పుడు శాక్సఫోన్‌తో సహా చాలా అలంకారాలు చేర్చాడు. అది కూడా నాకు 2003 నాటి రికార్డంత నచ్చదు. రాసినవాడికే తన పాట మీద ఎల్లప్పుడూ ఒకే నమ్మకం ఉండదు కాబోలు.

ఈరోజు సాంకేతికత చేతి తప్పులను దాదాపు తుడిచిపెట్టేసింది. ఆండీ హిల్డెబ్రాండ్ అనే ఇంజనీరు చమురు నిక్షేపాలు వెతకడానికి భూమిలోంచి వచ్చే తరంగాలను విశ్లేషించేవాడు. అలాంటి గణితాన్నే గొంతు శ్రుతి సరిచేయడానికి వాడి 1997లో ఆటో-ట్యూన్ తెచ్చాడు. జాక్ ఈలీ తొందరపాటును ఇప్పుడు కంప్యూటర్‌లో నిమిషంలో సర్దేస్తారు. బోనమ్ పెడల్ చప్పుడును జల్లెడ పట్టి తీసేస్తారు. కానీ ఒక పాటకు ఇంక చాలు అని చెప్పే సాఫ్ట్‌వేర్ ఇంకా రాలేదు. మన దగ్గర పాత సినిమా పాటలను రీమిక్స్ చేసేటప్పుడు జరిగేదీ ఇదే. హాయిగా నడిచే వరస కింద దడదడలాడే బీటు వేసి, మధ్యలో ఇంగ్లిష్ ర్యాప్ చొప్పిస్తారు. ఆ వరస ఇన్ని దశాబ్దాలు ఎవరి సాయమూ లేకుండా బతికిందన్న సంగతి మరిచిపోతారు.

వీలున్నప్పుడు ఒక పని చేయండి. 'ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' 1970 రికార్డునూ, 2003 రికార్డునూ వెంటవెంటనే వినండి. రెండూ స్ట్రీమింగ్ యాప్‌లలో దొరుకుతాయి. ముందు 2003 నాటిది వినండి. ఆ తర్వాత పాతది పెట్టి, మొదటి ఖాళీలోకి వయొలిన్లు వచ్చినప్పుడు మీకేమనిపించిందో గుర్తుపెట్టుకోండి. వాయిద్యాలే బాగున్నాయని మీకనిపించినా అనిపించవచ్చు. మెకార్ట్నీ కంటే స్పెక్టరే సరైనవాడని నమ్మే శ్రోతలు ఇప్పటికీ ఉన్నారు. ఎటువైపు నిలబడాలో మీ చెవినే అడగండి.